పాత ఇంగ్లీషు మాటయు, ఒక తల్లి ప్రశ్నయు

ధ్యానమునకు ముందు చదువవలసిన భాగము: 1 థెస్సలొనీకయులకు 4:13–18



మన అనకాపల్లి బెల్లపు మార్కెట్టు ఎరుగనివారు ఈ పత్రిక చదువువారిలో బహు కొద్దిమందియే ఉందురు. దిమ్మలు దిగుటయు, కొనువారు చిన్న ముక్క చిదిమి రంగును గట్టితనమును చూచుటయు, ఆ వాసన వీధి వీధినా వ్యాపించుటయు మన పిల్లలు నడక నేర్చిన నాటనుండి చూచుచున్న సంగతులే. ఈ మధ్య ఆదివారపు బడికి వచ్చు ఒక కుర్రవాడు మమ్మును ఇట్లడిగెను: "అయ్యగారూ, బెల్లమును ఇంగ్లీషులో జాగరీ అంటారట. తెల్లవారి దేశములో చెరకే పండదు గదా, మరి వారికి ఈ మాట ఎక్కడనుండి వచ్చినది?"

ప్రశ్న మంచిది. మేము నిఘంటువులు తిరుగవేసి చూచితిమి. జాగరీ అనునది ఇంగ్లీషువారి సొంత మాట కాదు. వారికి ముందుగా మన దేశమునకు ఓడలలో వచ్చిన పోర్చుగీసువారు పడమటి తీరమున మలయాళ కన్నడ జనుల నోట శర్కర, సక్కరె అను మాటలు విని, తమ నాలుకకు వచ్చినట్టు పలికిరి. వారివద్దనుండి 16వ శతాబ్దపు చివర ఇంగ్లీషువారు దానిని తీసికొనిరి. ఇంక వింత ఏమనగా, షుగర్ అను మాటయు ఆ శర్కరయే. అది భూమార్గమున పారసీకుల నోటను, అరబ్బుల నోటను, లాటిను నోటను, ఫ్రెంచి నోటను దొర్లి దొర్లి ఇంగ్లండు చేరినది. కాబట్టి షుగరును జాగరీయు ఒక తల్లి బిడ్డలే. ఒకతె ఒంటెల వెంట నడిచిపోయినది, మరియొకతె ఓడ ఎక్కినది. ఆ తల్లియైన శర్కర మాటకు సంస్కృతములో మొదటి అర్థము ఇసుకరాయి, మొరము. పంటికింద కరకరలాడు రాతిపలుకు పేరే తీపికి పేరైనది.

బాండికూట్ అను మాట మరియు దగ్గరిది. అది అచ్చముగా మన తెలుగు పందికొక్కే. మన చెరకు తోటల గట్లు తవ్వి మొదళ్లు కొరికి పాడుచేయు ఆ జంతువు పేరును ఇంగ్లీషువారు ఈ తెలుగుదేశమునందే నేర్చుకొనిరి. తరువాత ఆస్ట్రేలియా పోయి, అక్కడ పొట్టకు సంచి కలిగి పిల్లలను మోయు వేరొక చిన్న జంతువును చూచి, దానికి కూడ అదే పేరు పెట్టిరి. నేడు ఒక ఆస్ట్రేలియావాడును మన రైతును కలిసి బాండికూట్‌ను గూర్చి మాటలాడినయెడల, మాట ఒకటే గాని ఇద్దరి కన్నులలో మెదలు జంతువులు వేరు.

కుర్రవాడు నవ్వుకొని వెళ్లిపోయెను. మాకు మాత్రము నవ్వు నిలువలేదు. మాట ఒకటియై అర్థము వేరైనందున మేము ఒక ఇంట చేసిన తప్పు జ్ఞాపకము వచ్చినది. దానిని ఇంతవరకు ఎక్కడను వ్రాయలేదు. ఇప్పుడు వ్రాయుచున్నాము.

సుమారు పదునైదేండ్ల క్రిందటి మాట. సెమినరీ విడిచి మూడేండ్లు కూడ నిండలేదు. అక్కడ మాకు బహుమానముగా ఇచ్చిన పాత ఇంగ్లీషు బైబిలు, అనగా 1611లో జేమ్సు రాజు కాలమున అచ్చుపడిన తర్జుమా ప్రతి, మా చంకలోనుండి దిగెడిది కాదు. తెలుగు బైబిలు సంఘమునకు, ఇంగ్లీషు బైబిలు పాదిరికి అను భావము మాలో ఎక్కడనో ఉండెను. శారదా నది ఒడ్డున ఒక పల్లెలో మన విశ్వాసి కుమారుడు, ఇరువదిరెండేండ్లవాడు, చెరకు కోత దినములలో జ్వరము వచ్చి మరణించెను. మూడవ దినమున మేము పరామర్శకు పోతిమి. ఆ తల్లి ఏడ్చుటలేదు. గోడకు చేరబడి కూర్చుండి, మేము ప్రార్థన ముగించిన తరువాత ఇట్లడిగెను:

"అయ్యగోరూ, పేబువు వచ్చినప్పుడు బతికున్నోల్లం ముందెల్లిపోతే నా కొడుకు ఎనకబడిపోతాడేటి?"

చూడుడి. థెస్సలొనీక సంఘమువారు అడిగిన ప్రశ్న ఇదియే. వారును తమవారిని పాతిపెట్టి, ప్రభువు వచ్చు దినమున మనము వెళ్లుదుము, వీరి సంగతి ఏమి అని కుమిలిపోయిరి. వారికి జవాబుగా పౌలు ఈ భాగము వ్రాసెను. ఆ తల్లి పత్రిక చదివినది కాదు, ప్రసంగము విన్నది కాదు. ఆ దుఃఖమే ఆమెను సరిగా పౌలు వాకిట నిలువబెట్టినది.

మేమో, ఇంగ్లీషు బైబిలు తెరచితిమి. పదునైదవ వచనములో ప్రివెంట్ అను మాట ఉన్నది. ప్రివెంట్ అనగా అడ్డగించుట అని మేము బడిలో నేర్చినదే. కాబట్టి, "అమ్మా, బ్రదికియున్న మనము చనిపోయినవారిని అడ్డగింపము. నీ కుమారుని ఎవరును ఆపజాలరు" అని గంభీరముగా చెప్పితిమి. ఇంగ్లీషులో ఇట్లున్నదని కూడ అంటిమి.

ఆమె మా ముఖము చూచి, "ఆడ్ని ఎవులు అడ్డగిత్తారు అయ్యగోరూ? నానడిగింది అది కాదు. ఆడు ఎనకబడిపోతాడేటని" అనెను.

మాకు జవాబు తోచలేదు. అదే మాటను మరికొంత పెద్ద గొంతుతో చెప్పితిమి. అంతలో ఆ ఇంటి మనుమరాలు, పదేండ్ల పిల్ల, గూటిలోనుండి తెలుగు బైబిలు తెచ్చి, మేము చెప్పిన అధ్యాయము తీసి, కూడబలుకుకొనుచు చదివెను. నిద్రించినవారికంటె బ్రదికియున్నవారు ముందుగా చేరరు అను అర్థము అందులో సూటిగా ఉన్నది. చనిపోయినవారే మొదట లేతురు అని తరువాతి మాట. ఆ తల్లి, "అదీ. మరి ముందు అది సెప్పరేటి?" అని, ఆ మూడు దినములలో మొదటిసారి ఏడ్చెను.

మేము సైకిలు మీద తిరిగి వచ్చుచు, దారి పొడవునను ఆ ఇంగ్లీషు పుస్తకము మీద కోపపడితిమి. ఇల్లు చేరి నిఘంటువు చూచినప్పుడు ఆ కోపము ఎవరి మీద ఉండవలెనో తెలిసినది. ప్రివెంట్ అను మాట లాటినునుండి వచ్చినది. అందులో ప్రి అనగా ముందు, వెంట్ అనగా వచ్చుట. 1611 నాటి ఇంగ్లీషువారు ఆ మాటను ముందుగా వచ్చుట, ముందుగా పోవుట అను అర్థములోనే వాడుచుండిరి. 119వ కీర్తన 147వ వచనములో భక్తుడు తెల్లవారకముందే మేల్కొని మొఱ్ఱపెట్టితినని చెప్పుచోట ఆ పాత తర్జుమాలో ఈ ప్రివెంట్ అను మాటయే ఉన్నది. నేటి అర్థముతో చదివినయెడల భక్తుడు సూర్యుని ఉదయింపకుండ అడ్డగించెనని చెప్పవలసి వచ్చును! గ్రీకు మూలములో పౌలు వాడిన మాటయు ముందుగా చేరుట అనునదే. తర్జుమా చేసినవారు తప్పు చేయలేదు. మాటయే తిరిగిపోయినది.

ఎట్లు తిరిగినదో తెలిసికొనుటకు మనము లండను పోనక్కరలేదు. గానుగ ఆడు దినములలో ఇరుకు పుంతలో చెరకు బండ్లు వరుసగా పోవుచుండునప్పుడు, ముందు దూరినవాడు తన బండి నిలిపెనా, వెనుకవారందరు నిలిచిపోవలసినదే. ముందు పోవుటయు అడ్డగించుటయు ఆ పుంతలో ఒకటే పని. అట్లు రెండు మూడు వందల సంవత్సరములలో ముందు పోవుట అను అర్థము మరుగైపోయి, అడ్డగించుట మిగిలినది. 1881లో ఇంగ్లీషు పండితులు క్రొత్త నిబంధనను సవరించినప్పుడు ఆ వచనములో ఈ మాట తీసివేసి, ముందుపోవుట అని స్పష్టముగా తెలుపు వేరొక మాట పెట్టిరి. ఆ సవరణ జరిగి నూరేండ్లు దాటిన తరువాత మేము పాత పుస్తకము పట్టుకొని ఒక శోకగృహమునకు పోతిమి.

ఇట్టి మాట ఇంకొకటి చెప్పవలెను, ఏలయనగా దాని వలన మన బైబిలు తరగతిలో ఒక సాయంకాలము కలహము పుట్టినది. గల్ఫు దేశములో కొన్నేండ్లు పనిచేసి వచ్చిన ఒక సహోదరుడు, తెలుగు బైబిలులో తప్పున్నదని వాదించెను. 2 థెస్సలొనీకయులకు 2:7లో అడ్డగించువాడని తెలుగులో ఉండగా, పాత ఇంగ్లీషులో లెట్ అని ఉన్నది, లెట్ అనగా అనుమతించుట గదా, కాబట్టి దేవుడే అధర్మమునకు అనుమతి ఇచ్చుచున్నాడని అతని వాదము. పెద్దలు కొందరు తలలూపిరి, ఏలయనగా ఇంగ్లీషులో ఉన్నదనగానే మనవారికి నోరు పడిపోవును.

నిజమేమనగా ఇంగ్లీషులో లెట్ అను మాటలు రెండు. అక్షరములు ఒకటే, పుట్టుక వేరు. ఒకటి అనుమతించుట. రెండవది ఆలస్యము చేయుట, ఆటంకపరచుట. మనమందరము రైలు విషయములో వాడు లేట్ అను మాటకు అది దగ్గరి చుట్టము. ఈ రెండవ లెట్ ఇంగ్లీషు వాడుకలో దాదాపు చచ్చిపోయినది. రోమీయులకు 1:13లో పౌలు మీయొద్దకు రావలెనని పలుమారు ఉద్దేశించి ఆటంకపడితినని వ్రాసినచోట కూడ ఆ పాత తర్జుమాలో ఇదే ఉన్నది. అనుమతి దొరికినదని చదివితిమా, మరి ఎందుకు రాలేదను ప్రశ్న మిగులును.

మేము ఆ సహోదరుని వాదముతో ఎదుర్కొనలేదు. అతని పాస్‌పోర్టు తెమ్మని అడిగితిమి. భారత రాష్ట్రపతి పేరట దానిలో ముద్రించిన విన్నపములో, ఈ పత్రము కలవానిని లెట్ గాని ఆటంకము గాని లేకుండ పోనిమ్మని ఉన్నది. అనుమతి లేకుండ పోనిమ్మని ఏ ప్రభుత్వమైనను వ్రాయునా? చచ్చిన మాట ఒకటి అతని జేబులోనే సముద్రము దాటి పోయి వచ్చినది. అతడు ఆ పుట చాలసేపు చూచి, నవ్వి, మరునాడు ఆ పాస్‌పోర్టును తరగతిలో అందరికి చూపించెను. అతని సహృదయతను మేము మరువము.

చిన్నవి మరికొన్ని కలవు. పాత ఇంగ్లీషులో మీట్ అనగా మాంసమే కాదు, ఏ ఆహారమైనను మీటే. లేవీయకాండము రెండవ అధ్యాయములోని పిండియు నూనెయు గల అర్పణను వారు మీట్ అర్పణ అనిరి, దానిలో మాంసము తునకయైనను లేదు. మన తెలుగువారు నైవేద్యము అని వ్రాసి ఆ చిక్కు తప్పించుకొనిరి. ఫిలిప్పీయులకు 4:6లో దేనిగూర్చియు కేర్‌ఫుల్‌గా ఉండవద్దని పాత ఇంగ్లీషు చెప్పును. అప్పుడా మాటకు చింతతో నిండియుండుట అని అర్థము. దీనిని నేటి అర్థముతో పట్టుకొని హెల్మెట్టు లేకుండ మోటారు సైకిలు నడుపు యౌవనులు మన సంఘములో లేరని తలంచుచున్నాము.

చారిటీ అను మాట యొద్ద మాత్రము కొంచెము ఆగవలెను. 1 కొరింథీయులకు 13వ అధ్యాయములో మనకు ప్రేమ అని ఉన్నచోట 1611 తర్జుమా చారిటీ అన్నది. నేడు చారిటీ అనగా బీదలకిచ్చు ధర్మము. ఆ అర్థముతో మూడవ వచనము చదువుడి. ఆస్తి అంతయు బీదలకు పంచిపెట్టినను ధర్మము లేకపోయినచో ప్రయోజనము లేదని వచ్చును. ఏమైన అర్థమున్నదా? 1526లో క్రొత్త నిబంధనను ఇంగ్లీషులో అచ్చువేయించిన విలియం టిండేలు అక్కడ ప్రేమ అనియే వ్రాసెను. అతని తర్జుమా పని అధికారులకు కంటగింపై, 1536లో అతడు మరణశిక్ష పొందెను. తరువాత వచ్చినవారు చారిటీ అనిరి. 1881 సవరణలో మరల టిండేలు మాటయే వచ్చినది.

అయితే చారిటీ అను మాట నీచమైనది కాదు. దాని లాటిను మూలమునకు ప్రియమైనది అని అర్థము. ప్రియము అను మన మాటకు రెండు ముఖములున్నవి గదా. ప్రియమైన బిడ్డ అందుము, సంతలో కూరగాయలు ప్రియమైనవనియు అందుము. లాటినులోను సరిగా ఇట్లే, ముద్దైనదియు వెల యెక్కువైనదియు ఒకే మాట. వెల పెట్టినందున మనము ప్రియులమైతిమని సిలువ వద్ద తెలిసికొన్నవారికి ఈ రెండు అర్థములు ఒక మాటలో ఎందుకున్నవో వేరుగా చెప్పనక్కరలేదు.

మేమిట్లు వ్రాయుట చూచి ఇంగ్లీషు బైబిలును మూసివేయమనుచున్నారని ఎవరును అనుకొనవద్దు. మన పిల్లలు ఇంగ్లీషు చదువుచున్నారు, చదువవలెను. మేము చెప్పునది ఇంతే: బైబిలు ఇంగ్లీషులో పుట్టలేదు. పాత నిబంధన హెబ్రీలో, కొంత అరామిక్కులో, క్రొత్త నిబంధన గ్రీకులో పుట్టినది. ఇంగ్లీషును మనవలెనే తర్జుమా చేసికొన్న భాష. సభలలో ఒకరు లేచి, ఇంగ్లీషులో ఇట్లున్నదని వాదము ముగించునప్పుడు, అయ్యా, ఏ సంవత్సరపు ఇంగ్లీషు అని మెల్లగా అడుగుడి.

మన తెలుగు సువార్త మొదట అచ్చుపడిన కథయు దూరదేశపు కథ కాదు. 1805లో లండను మిషనరీ సంఘమునుండి జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనువారు మన ప్రక్కనున్న విశాఖపట్టణము చేరిరి. క్రీస్తును నమ్మిన ఆనందరాయరు అను బ్రాహ్మణుడు వారితో కలిసి తర్జుమా పని చేసెను. దొరకు తెలుగు తక్కువ, రాయరుకు సువార్త క్రొత్త, ఇద్దరును ఒకరినొకరు అడుగుకొననిదే పని సాగెడిది కాదు. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చుపడినప్పుడు చూచుటకు వారిలో ఎవరును లేరు. వారి వెనుక వచ్చిన ఎడ్వర్డు ప్రిచెట్టు చేసిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడినది. తరువాత అనేకులు మరల మరల సరిదిద్దిరి. ఆ ఇంటి పదేండ్ల పిల్ల గూటిలోనుండి తీసిన పుస్తకము వెనుక ఇందరున్నారు.

మరియు మన తెలుగు మాటలు మాత్రము తిరుగవా? తిరుగును. ఆ భాగములోనే పదునారవ వచనము చూడుడి. ప్రభువు ఆర్భాటముతో దిగివచ్చునని ఉన్నది. ఇప్పుడు మన పిల్లలకు ఆర్భాటమనగా ఏమి? పెండ్లిలో విద్యుద్దీపములు, నాయకుని వెంట కార్లు, అప్పు చేసి పెట్టిన విందు. ప్రభువు అట్లు వచ్చునా? తర్జుమా చేసిననాడు ఆర్భాటమనగా పెద్ద కేక, గర్జన. గ్రీకులోనున్న మాట, అధికారముగలవాడు ఆజ్ఞగా వేయు కేక. ఇంగ్లీషువానికి ప్రివెంట్ ఎట్లు తిరిగినదో మనకు ఆర్భాటము అట్లు తిరుగుచున్నది. చదివి వినిపించువారు ఆ మాట యొద్ద ఒక్క క్షణమాగి అర్థము చెప్పినయెడల మేలు.

ఆ తల్లి రెండేండ్ల క్రిందట ప్రభువునందు నిద్రించెను. కుమారుని ప్రక్కనే పాతిపెట్టితిమి. సమాధి యొద్ద మేము తెలుగు బైబిలు తెరచి, ఈ భాగమే చదివితిమి. నాడు మాకు చదివి వినిపించిన పిల్ల ఇప్పుడు పెండ్లియై, చంకలో బిడ్డతో నిలిచియున్నది. పదునైదవ వచనము చదువునప్పుడు ఆమె మావైపు చూచెను, మేము తలవంచుకొంటిమి. పదునారవ వచనమునకు రాగా ఆమె తమ్ముడు, ఇంగ్లీషు బడిలో చదువుకొన్నవాడు, "అయ్యగోరూ, ఆర్భాటమంటే ఏటి? మా మామ్మకి ఆర్భాటాలంటే గిట్టవు" అనెను. కొందరు నవ్విరి, కొందరు కన్నులు తుడుచుకొనిరి.

పొద్దు క్రుంకు వేళ మీ మామ్మ గట్టు మీద నిలువబడి, చెరకు తోటలో ఉన్న నీ మామను పేరు పెట్టి కేక వేసెడిది, నదికి ఆవలి ఒడ్డున కూడ వినబడెడిది, అది అని చెప్పితిమి.